చిలకపచ్చ బెల్లం

చేతులు కడుక్కోవడమంటే భోజనానికి ముందోసారి, తర్వాతోసారి చేసే పని మాత్రమే అయిన రోజులవి. దగ్గొస్తే దగ్గేవాళ్ళం, తుమ్మొస్తే తుమ్మేవాళ్ళం, పక్కనున్న పెద్దవాళ్ళు "సిరంజీవ" అని దీవించేవాళ్ళు. లెక్కపెడితే ఎన్నో ఏళ్ళు కాలేదు గానీ తలుచుకుంటే తాతల కాలం సంగతిలా ఉంటుంది. అప్పటికి నాకు ఇరవై రెండు. మైక్రోబయాలజీలో డిగ్రీ పూర్తిచేసి (చదివింది సూక్ష్మజీవుల గురించి కాబట్టి కాబోలు, మార్కులూ సూక్ష్మంగానే వచ్చాయి) నెల్లిమర్లలో మా పెదనాన్న కిరాణా కొట్లో కూర్చుని కందిపప్పు తూచేదాన్ని. అమ్మానాన్నలది శ్రీకూర్మంలో చిన్న పూజసామాన్ల కొట్టు. చదువు కోసమని ఇంటర్లో పెదనాన్న ఇంటికొచ్చినదాన్ని, ఆయన కూతుళ్ళిద్దరూ పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయేసరికి, ఆ ఇంట్లోని గారాబమంతా నాకే మిగిలితే కదలబుద్ధి కాక ఉండిపోయాను. ఉద్యోగం రాలేదని ఇంట్లో ఎవరూ ఏమీ అనేవారు కాదు. కొట్టుకొచ్చినవాళ్ళు మాత్రం "ఏటి సదివినావే పాపా" అని అడిగి, నేను చెప్పాక "అదేటి పనికొస్తాదమ్మా" అని మళ్ళీ అడిగేవారు. నాకూ అదే అనుమానం కాబట్టి కోపమొచ్చేది కాదు.

మా కొట్టుకి పేరు తెచ్చింది బెల్లం. తెల్లారేసరికి గుమ్మం పక్కన పీటమీద ఒక పెద్ద దిమ్మ వెలిసేది. వచ్చినవాళ్ళు తిన్నగా దాని దగ్గరికెళ్ళి, గోటితో ఓ పలుకు గిల్లి నోట్లో వేసుకుని, వేళ్ళు నాక్కుని, బాగుందనిపిస్తే మరో పలుకు గిల్లి, ఆ తర్వాతే చీటీ బయటికి తీసేవారు. బెల్లం కొనేవాళ్ళే రుచి చూడాలన్న నియమమేమీ లేదు. ఉప్పు తప్ప ఇంకేమీ కొనగా నేను చూడని ఒక మామ్మ (ఉప్పు మామ్మ అనేవాళ్ళం) రోజూ వచ్చి బెల్లం ఎలా ఉందో తేల్చి వెళ్ళేది. పెదనాన్న ప్రతివాళ్ళకీ తోడుగా తనూ ఓ పలుకు నోట్లో వేసుకునేవాడు. "మనం తినకుండా ఎదటోడికెడితే అనుమానమొస్తాదే" అనేవాడు. మధ్యాహ్నానికి దిమ్మ ఊరందరి గోటి గాట్లతో ఎలకలు కొరికినట్టయ్యేది. అదే ఆయనకి పెద్ద సర్టిఫికెట్టు.

ఇందులో నవ్వులాటకి రాని సంగతొకటుంది. పెదనాన్నకి ఆయాసం. చొక్కా జేబులో ఇన్‌హేలర్ (ఆయన భాషలో పంపు) లేకుండా వీధి దాటేవాడు కాదు. అంతకుముందు చలికాలంలో విజయనగరం ఆసుపత్రిలో ముక్కుకి గొట్టం పెట్టించుకుని నాలుగు రోజులున్నాడు. ఆ నాలుగు రోజులూ పెద్దమ్మ మంచం పక్కన నిలబడి, ఆయన బదులు తనే ఊపిరి పీలుస్తున్నట్టు ఎగశ్వాస తీసింది. అందుకని టీవీలో కొత్త జబ్బు గురించి చెబుతూ ఊపిరితిత్తుల బొమ్మ చూపించినప్పుడల్లా పెద్దమ్మ పెదనాన్న వైపు చూసేది. పెదనాన్న రిమోటు వైపు చూసేవాడు.

ఒకరోజు భోజనాల దగ్గర ధైర్యం చేసి, "పెదనాన్నా, రేపట్నుంచి దిమ్మ బయట పెట్టొద్దు" అన్నాను.

ఆయన ముద్ద కలుపుతూ ఆగి, "ఏటంతన్నావే గుంటా. ఉగాది పది రోజుల్లోకొచ్చినాది. ఇప్పుడు రుచి సూపించకుండా దసరాకి సూపిస్తానేటి" అన్నాడు.

"అందరి వేళ్ళూ ఒకే దిమ్మ మీద పడుతున్నాయి కదా."

"మా నాయన కాలం నుంచీ అందరి ఏళ్ళూ దాని మీదే. కలరాకి రుచి సూపడం కట్టీలేదు, మసూచికి కట్టీలేదు. నిన్నగాక మొన్నొచ్చిన దీనికి కట్టేస్తామేటి. ఒకటి సెప్తాను ఇను. ఎదురుకొట్టోడిదీ అదే పప్పు, అదే ఉప్పు. ఆడు రుచి సూడనివ్వడు, మనం సూడనిస్తాం. ఆ పీట తీసేస్తే ఆడికీ మనకీ మజ్జిన రోడ్డే మిగుల్తాది."

"సదువుకున్న పిల్ల, దాని మాట ఇనరాదా" అంది పెద్దమ్మ.

"సదివింది పురుగుల గురించి. వ్యాపారం గురించి కాదు" అని ఆయన మజ్జిగ పోసుకున్నాడు. చర్చ ముగిసిందనడానికి మా ఇంట్లో అదే గుర్తు.

సాయంత్రానికి ఈ సంగతి బెంచీ మావయ్యకి చేరింది. ఈయన పెదనాన్న చిన్ననాటి స్నేహితుడు, జూట్ మిల్లులో రిటైరయ్యాక మా కొట్టు ముందున్న బెంచీకి బదిలీ అయ్యాడు. పొద్దున్న పేపరుతో డ్యూటీ ఎక్కి, దీపాలవేళకి దిగేవాడు. "బావా, మీ ఇంట్లోనే ఓ సూక్ష్మజీవి మేపుతన్నావు కదా, దాన్ని దాటుకుని బయటివేటొస్తాయి" అన్నాడు. ఆ పూట నుంచి నా పేరు సూక్ష్మజీవి.

నేను ఊరుకోలేదు. అట్ట మీద ఎర్ర సిరాతో 'సూక్ష్మజీవులు కంటికి కనపడవు. దిమ్మను తాకరాదు' అని రాసి పీటకి తగిలించాను. ఉప్పు మామ్మ దాన్ని బెంచీ మావయ్య చేత చదివించుకుని, ఓ పలుకు గిల్లి, నింపాదిగా చప్పరించి, "కనపడకపోతే ఉన్నాయని నీకెవులు సెప్పినారే" అంది. డిగ్రీ పరీక్షల్లో కూడా అంత కష్టమైన ప్రశ్న నన్నెవరూ అడగలేదు. మర్నాడు దిమ్మ మీద ఈగల మూత బోర్లించాను. జనం దాన్ని దర్శనానికి తెర తీసినంత భక్తిగా ఎత్తి, గిల్లుకుని, మళ్ళీ జాగ్రత్తగా మూసి వెళ్ళారు. అలా అందరూ ముట్టుకునే వస్తువులు ఒకటి కాస్తా రెండయ్యాయి.

మామ్మ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. కనపడటమే కావాలంటే చూపిస్తాను అనుకున్నాను. మా కొట్లో మిఠాయి రంగులమ్మేవాళ్ళం. అందులో ఆకుపచ్చ రంగు పొడిగా ఉన్నంతసేపు మట్టిలా పడి ఉంటుంది, తడి తగిలిందా, చిలకపచ్చ. జిలేబీల్లో వేసుకు తినేదే, ఒంటికేమీ కాదు. బుధవారం పొద్దున్న పెదనాన్న దేవుడి పటాలకి అగరొత్తులు తిప్పుతుంటే చిటికెడు తీసి దిమ్మకి ఓ పక్కన పులిమి, ఏమీ ఎరగనట్టు కందిపప్పు దగ్గర కూర్చున్నాను.

అరగంటలో ఉప్పు మామ్మ నాలిక చిలకపచ్చ. గంటలో బెంచీ మావయ్య తెల్ల మీసం పచ్చగా చిగురించింది. (పేపరు తిరగేయడానికి వేలు తడిచేసుకునే అలవాటాయనకి. ఆ రోజు పేపర్లో అన్ని వార్తలూ పచ్చివే.) ఆ తర్వాత నేను వేసిన రంగు నన్నడక్కుండానే ఊరేగింపు బయల్దేరింది. తక్కెడ పళ్ళేలకి, ఫోనుకి, టీగ్లాసులకి, లోపలి తలుపు గొళ్ళేనికి, పెదనాన్న నుదుటి మీది బొట్టుకి పాకింది. పది గంటలకి టిఫిను తెచ్చిన పెద్దమ్మ ఇంట్లోకి వెళ్ళొచ్చేసరికి ఆవిడ బుగ్గమీద కూడా పచ్చటి వేలిముద్ర ఒకటి కనపడింది. (అదెలా వచ్చిందో నేనడగలేదు, వాళ్ళు చెప్పలేదు.) నేను చేత్తో నోరు మూసుకుని కందిపప్పులో తల దించుకున్నాను. చదివిన మూడేళ్ళలో కంటే ఆ మూడు గంటల్లో నాకు మైక్రోబయాలజీ బాగా అర్థమైంది.

ఒక్కటే ఆలోచించలేదు. మా వైపు బెల్లంలో రంగు కనిపించిందంటే జనం సైన్సు గురించి ఆలోచించరు, కల్తీ గురించి ఆలోచిస్తారు.

మిల్లు రాత్రి షిఫ్టు దిగి పొద్దున్న ఇళ్ళకెళ్తూ రుచి చూసినవాళ్ళే, పదిమంది కలిసి మళ్ళీ వచ్చారు. "పెద్దాయనా, ఏటి కలిపినారీ బెల్లంలో" అని ముందున్న మనిషి నాలిక చాపి చూపించాడు. వెనక తొమ్మిది నాలికలు అదే రంగులో సాక్ష్యం చెప్పాయి. ఎదురుకొట్టాయన కూడా పని మానుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"నా బెల్లంలోనా. నేనా" అన్నాడు పెదనాన్న. ఆ రెండు మాటలకే ఆయన ఛాతీ పట్టేసింది. గోడకి చెయ్యి ఆన్చి, రెండో చెయ్యి జేబులోకి పోనిచ్చి పంపు తీశాడు. నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాడు. పెదవులు ఆనించే చోట, పంపు మూతి చుట్టూ చిలకపచ్చ.

నాకు నవ్వు ఎక్కడికి పోయిందో తెలీదు. దాన్ని ఆయన చేతిలోంచి లాక్కుని, "పెద్దమ్మా, కొత్తది తే" అని అరిచాను. పెద్దమ్మ పరిగెత్తుకొచ్చి అలమారలోని కొత్త పంపు ఆయన నోటికి పెట్టింది. రెండుసార్లు పీల్చాక ఊపిరి దారిలో పడింది. అప్పుడు చెప్పేశాను, రంగు వేసింది నేనని, బెల్లానిదీ పెదనాన్నదీ ఏ తప్పూ లేదని. తలొంచుకుని తిట్ల కోసం ఎదురుచూశాను.

ఆయన తిట్టలేదు. నా చేతిలోని పాత పంపునే చూస్తూ, "దీన్ని నేను తప్ప ఎవులూ ముట్టరు. నా జేబులోనే ఉన్నాది. దీనికెలగొచ్చిందే" అన్నాడు.

"దిమ్మ నుంచి వాళ్ళ వేళ్ళకి, వాళ్ళ వేళ్ళ నుంచి మళ్ళీ దిమ్మకి, దిమ్మ నుంచి నీ వేళ్ళకి, నీ వేళ్ళ నుంచి దీనికి, దీన్నుంచి నీ నోటికి."

"ఎంతేసినావు."

"చిటికెడు."

"సిటికెడే" అని ఇంకోసారి తనలో తను అనుకుని, తల తిప్పి ఒక్కొక్కటీ చూసుకున్నాడు. తక్కెడ, ఫోను, గొళ్ళెం, బావ మీసం, భార్య బుగ్గ (అక్కడ చూపు కొంచెం తొందరగా తిప్పేసుకున్నాడు). తర్వాత వచ్చినవాళ్ళకేసి, "బెల్లంలో ఏటీ లేదర్రా. ఉన్నదంతా మన సేతుల్లోనే ఉన్నాది. మా గుంట కనపడేలా సూపించినాది" అన్నాడు.

గొడవ విని వచ్చిన ఉప్పు మామ్మే ముందు తన పచ్చటి వేళ్ళు చూసుకుని, "ఇలగ సూపిస్తే తెలస్తాది గానీ అట్టలెట్టి రాస్తే ఏటి తెలస్తాదే" అంది. తీర్పు వచ్చేసినట్టే. పెదనాన్న వంగి, పీటనీ దిమ్మనీ తనే ఎత్తి లోపల పెట్టాడు. పెట్టి వచ్చి, నా దగ్గరగా, "మళ్ళీ నా బెల్లం జోలికొచ్చినావంటే కాళ్ళిరగ్గొడతాను" అన్నాడు. అంత తియ్యటి తిట్టు నేను మళ్ళీ తినలేదు.

మర్నాటి నుంచి మా కొట్టు పద్ధతే మారింది. గుమ్మానికి అడ్డంగా తాడు. పెదనాన్న కత్తితో పలుకులు కొట్టి, పటకారుతో పట్టి, తెల్లకాయితంలో చుట్టి తలా ఒకటి ఇచ్చేవాడు. "ఇంటికెల్లి సేతులు కడుక్కుని తినండి, ఎలగుందో రేపు సెప్పండి." రుచీ పోలేదు, పరువూ పోలేదు. పైగా ఎలా ఉందో చెప్పడానికి రెండోరోజు కూడా రావలసి వచ్చేది. జనం దూరంగా నిలబడటానికి పెద్దమ్మని ముగ్గుపిండితో సున్నాలు గియ్యమన్నాను. ఆవిడకి ఉత్త సున్నా గియ్యడం చేతకాదు. ఆరు పద్మాలు వేసింది. పద్మం తొక్కకూడదని వచ్చినవాళ్ళంతా వాటికి అవతల నిలబడ్డారు. నేననుకున్న దూరానికి అది రెండింతలు.

ఉగాది వస్తూండగానే దేశమంతా తలుపులు వేసుకుంది. సరుకుల కొట్లు పొద్దున్న కొన్ని గంటలే తియ్యాలన్నారు. ఎవరెలా అమ్మాలో చెప్పడానికి ఒక అధికారి వీధంతా తిరుగుతూ మా కొట్టు ముందు ఆగి, తాడూ పటకారూ పద్మాలూ చూసి, "మీకు ఎవరు చెప్పారండీ ఇవన్నీ" అని అడిగాడు. "మా ఇంట్లో సూక్ష్మజీవి ఉన్నాదండి" అన్నాడు పెదనాన్న గర్వంగా. ఆ అధికారి రెండడుగులు వెనక్కి వేసిన సంగతి ఆయన గమనించలేదు. ఆ సాయంత్రం ఎదురుకొట్టాయన రోడ్డు మధ్యదాకా వచ్చి నిలబడి, "అన్నా, ఆ తాడెక్కడ దొరికినాది" అన్నాడు. పెదనాన్న కళ్ళజోడు సవరించుకుని, "మన కొట్లోనే. నీకెన్ని బారలు కావాల" అన్నాడు. ఆయన మొహంలో అంత వెలుగు నేను మా అక్కల పెళ్ళిళ్ళలో కూడా చూడలేదు.

ఆ యేడూ, ఇంకా గడ్డుదైన ఆ తర్వాతి యేడూ పెదనాన్న మళ్ళీ ఆసుపత్రి గుమ్మం ఎక్కలేదు. అదంతా నా గొప్పే అనను. (ఇంట్లో మాత్రం అంటాను.)

ఇప్పుడు గరివిడిలో ఒక బళ్ళో సైన్సు చెబుతున్నాను. భయాలన్నీ సర్దుకున్నాక ఒక ఆదివారం నెల్లిమర్ల వెళ్తే, గుమ్మం పక్కన పీట, పీట మీద కొత్త దిమ్మ, చుట్టూ నలుగురైదుగురు. నన్ను చూసి అందరి వేళ్ళూ గాల్లోనే ఆగిపోయాయి. పెదనాన్న కత్తి పక్కన పెట్టి, "ఏటే, ముట్టుకోవచ్చా" అని అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. నేను నలభైమంది పిల్లలకి పాఠం చెబుతాను. వాళ్ళలో ఒక్కరు కూడా నా మాట కోసం అలా ఆగరు. చాలాసేపు ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టి, చివరికి "చేతులు కడుక్కుని" అన్నాను. అందరూ బుద్ధిగా కుళాయి వైపు నడిచారు. నేనన్నది సరైన జవాబో కాదో ఇప్పటికీ నాకు తెలీదు. చిటికెడు రంగుతో లోకాన్ని ఒప్పించగలనని నమ్మిన ఆ ఇరవై రెండేళ్ళ పిల్లయితే ఆలోచించకుండా చెప్పేసేది. ఆ పిల్లని తలుచుకుని నవ్వుకుంటూ, చేతులు కడుక్కోవడానికి నేనూ వెళ్ళి వాళ్ళ వెనక వరసలో నిలబడ్డాను.