తడి గోనెలో వంద గింజలు

వీరేశం సేటు ఇక లేరు. మంగళవారం ఉదయం ఆయన కూతురు సరళ ఫోన్ చేసి "కాకా, నాన్న పోయిండు" అన్నది. ఆ మాట చెవిన పడగానే కుర్చీలోంచి కూలిపోయాననీ, చేతిలోని చాయ్ కప్పు ముక్కలైందనీ ఇప్పటికి నలుగురికి చెప్పాను. అది అబద్ధం. చాయ్ పూర్తిగా తాగాను. కప్పు కడిగి బోర్లించాను. ఆ తర్వాతే చెప్పులు వేసుకుని బయలుదేరాను. ఉన్నదానికి నాలుగు రెట్లు పెంచి చెప్పడం నాకు చిన్ననాటి అలవాటు. డెబ్బై ఆరేళ్లు వచ్చినా పోలేదు. అయితే ఈ వ్యాసంలో ఏది పెంచినా దించకుండా వదలను. సేటు గురించి రాస్తూ ఆ పని చేయకపోతే ఇంకెప్పుడూ చేయలేను.

వరంగల్ స్టేషన్ రోడ్డు వెనక సందులో నలభై ఏళ్లు విత్తనాల దుకాణం నడిపిన ధర్మనిష్ఠాపరుడాయన. అందులో ఇరవై ఆరేళ్లు నేను ఆయన గుమాస్తాను. ఆయన విభూతి పెట్టుకుని గల్లా దగ్గర కూర్చునేవారు, నేను ఆదివారం పూజ ముగించుకుని చర్చి నుంచి నేరుగా దుకాణానికి వచ్చేవాణ్ని. "జోజీ, మీ దేవునికి ఏం చెప్పి వచ్చినవు?" అని అడిగేవారు. "మీ గురించే సేటూ" అంటే, "మంచిగ చెప్పినవా, నిజం చెప్పినవా?" అనేవారు. ఆ రెండూ వేర్వేరని నాకు నేర్పింది ఆయనే.

దుఃఖం సంగతి తర్వాత, ముందు నా కోపం చెప్పుకోనివ్వండి. గురువారం విత్తన వర్తకులంతా కలిసి సంతాప సభ జరిపారు. బతికున్నన్నాళ్లూ "పిచ్చి సేటు" అన్న నోళ్లే ఆనాడు "పుణ్యమూర్తి" అన్నాయి. అదీ సహించాను. కానీ ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, "వీరేశం సేటు అమాయకుడు. ఒక్కసారి విత్తనం దెబ్బ కొట్టింది, అది ఆయన నసీబు. మనిషి చేసింది గాదు, మనసు చూడాలె. మనసు మంచిదైతే పని మంచిదే" అన్నాడు. చప్పట్లు కొట్టారు. సంతాప సభలో చప్పట్లు. అమాయకుడట. నసీబట. దండ వేసిన ఆ ఫొటోలోంచి దిగి వచ్చి సేటు మైకు లాక్కోలేదు. ఆయన నిజంగానే పోయారని నాకు నమ్మకం కుదిరింది అప్పుడే.

ఆ తర్వాత మైకు నా చేతికి వచ్చింది. "ఆ ఏడు తడి గోనెలో వందకు తొంభై ఆరు గింజలు మొలిచినయి, నా కళ్లతో చూసిన. చేనుల ఏమైందో దేవునికే ఎరుక" అని గద్గద స్వరంతో ప్రకటించాను. సభ కంట తడి పెట్టింది. వెనక వరుసలో వర్ధన్నపేట నుంచి బస్సులో వచ్చిన కౌలురైతు ఎల్లమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటోంది. ఆ తొంభై ఆరు సంగతికి ఇప్పుడే వస్తాను.

సేటు పద్ధతి ఒకటుండేది. కొత్త సరుకు రాగానే ఒక సంచి విప్పి, వంద గింజలు లెక్కపెట్టి, తడిపిన గోనెపట్టాలో వరసగా పేర్చి, చాపలా చుట్టి మూలన పెట్టించేవారు. రోజూ నీళ్లు చిలకరించడం నా పని. ఐదో నాడు విప్పి మొలకలు లెక్కపెట్టాలి. తొంభైకి తగ్గితే ఆ సరుకంతా వాపసు. సంచి మీద సీలు, కాగితం మీద ముద్ర ఉన్నాయి కదా అని కంపెనీల వాళ్లు నవ్వేవారు. "ముద్ర మొలుస్తదా?" అని ఆయన ఒకే మాట. ఒక ఏడు సొంత బావమరిది నాలుగో నాడు వచ్చి విత్తనం అడిగితే, అన్నం పెట్టించారు, చాయ్ ఇప్పించారు, విత్తనం మాత్రం ఇవ్వలేదు. ఆ మనిషి అలిగి పక్క దుకాణంలో కొనుక్కుని పోయాడు. రెండేళ్లు ఆ ఇంటి నుంచి శుభలేఖ కూడా రాలేదు.

పన్నెండేళ్ల కింద సేటు కంటి ఆపరేషన్‌కు దవాఖానలో చేరి, ఆ తర్వాత హన్మకొండలో సరళ ఇంట్లో పది రోజులున్నారు. దుకాణం నా మీద పడింది. గోనెలో మక్కజొన్న విత్తనం పెట్టిన మూడో నాడే మృగశిర వాన దంచింది. తెల్లారేసరికి దుకాణం ముందు రైతులు. అందరికంటే ముందు ఎల్లమ్మ. మూడెకరాలు కౌలుకు తీసుకుంది, భర్త లేడు. "అన్నా, నేల పదును పోతాంది, జర ఇయ్యే" అని నా కాళ్ల దగ్గర కూర్చుంది. లోపలికి పోయి గోనె విప్పాను.

తొంభై ఆరు కాదు. సగం కూడా కాదు. మిగతావి రేపో ఎల్లుండో పగులుతాయిలే అనుకున్నాను. వాన ఆగదు కదా, ఆడమనిషి ఏడుస్తోంది కదా అనుకున్నాను. నా మనసులో మోసం లేదు, ప్రమాణం చేసి చెప్పగలను. గోనె మళ్లీ చుట్టేశాను. అంతలో సేటు ఫోన్. "జోజీ, గోనె విప్పినవా?" "విప్పిన సేటూ, అన్ని మొలిచినయి."

ఫోన్ పెట్టేసి, మధ్యాహ్నానికల్లా సంచులన్నీ అమ్మేశాను. వారం తిరిగేసరికి చేలు బట్టతలల్లా ఉన్నాయి. కంపెనీ మనిషి వచ్చి, దుకాణదారుకు బాధ్యత లేదని కాగితం చూపించి పోయాడు. నల్లద్దాలు పెట్టుకుని, నా స్కూటర్ వెనక కూర్చుని, ఊరూరా తిరిగి సేటు ఒకటే మాట చెప్పారు: "నా దుకాణం గోనె నేను చూసుకోలే. తప్పు నాది." నేను ఆయన పక్కనే నిలబడి సగం నింద మోశానని ఇన్నేళ్లూ చెప్పుకున్నాను. నిజానికి స్కూటర్ చల్లబడాలన్న వంకతో వేపచెట్టు నీడ దాటి రాలేదు. ఎవరో "నీకు తెల్వది గద సేటూ, నీదేం తప్పు?" అంటే, "తెల్సుకునే పని నాదే గద" అన్నారు. పరీక్షించిన కొత్త విత్తనం ఆటోలో వేయించి ఇంటింటికీ పంపారు. ఎల్లమ్మ మాత్రం దుకాణానికి వచ్చి గుమ్మంలో నిలబడి, "విత్తనం ఇచ్చినవు సేటూ, పోయిన వాన ఇస్తవా?" అంది. ఆయన తల దించుకున్నారు. ఆ రోజు తర్వాత ఆయన మృగశిర వానను చూసి సంతోషించగా నేను చూడలేదు.

చర్చిలో ఫాదర్ దగ్గర తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనం చేశాను, "అజాగ్రత్తగా ఉన్నాను" అని. అక్కడ దించి చెప్పాను. పెంచడమే కాదు, అవసరమైతే దించడం కూడా నాకు వచ్చు.

పోయిన నెల మంచం పట్టిన సేటును చూడబోయి, ఎట్టకేలకు నోరు విప్పాను. సగంలోనే ఆపారు.

"నాకు తెల్సు జోజీ. దుకాణానికి వచ్చిన నాడు నిన్ను చాయ్‌కు పంపి గోనె విప్పిన. మొలవని గింజలు ఎండిపోయి అట్లనే ఉన్నయి. గోనె పారేసే తెలివన్న లేకపాయె నీకు."

"మరి ఇన్నేండ్లు అడగలేదేంది సేటూ?"

"చెప్తవేమో అని చూసిన."

"మంచి చేద్దామనే చేసిన. ఒకవేళ అవి మొలిచి ఉంటే? అప్పుడు గూడ తప్పేనా?"

"తప్పే. మొలిస్తే అది నీకు తెల్వకుండ పోయేది, గంతే" అన్నారు. కాసేపు దమ్ము తీసుకుని, "నీ మనసు మంచిదే, అందుకే ఉంచుకున్న. కానీ చూసింది ఒకటి, చెప్పింది ఒకటి. నాకు కాదు, ఎల్లమ్మకు చెప్పు" అన్నారు.

చెప్తానన్నాను. చెప్పలేదు. పైగా గురువారం ఆమె ఎదుటే తొంభై ఆరు అన్నాను. ఆ పెద్దమనిషి మీద ఇంతసేపు నిప్పులు కురిపించింది ఎందుకో ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది. ఆయన చెప్పిన సిద్ధాంతం మీదే నేను పన్నెండేళ్లు హాయిగా నిద్రపోయాను.

నిన్న బస్సెక్కి వర్ధన్నపేట పోయాను. ఎల్లమ్మ అరుగు మీద కంకులు ఒలుస్తోంది. అంతా చెప్పాను. చేతులు ఆపకుండానే అడిగింది, ఎన్ని మొలిచినయని. నలభై మూడు అన్నాను. ఆ అంకె నా నోటి నుంచి బయటికి రావడం అదే మొదలు.

తిట్టలేదు. తిడితే బాగుండేది. చేతిలో కంకి పక్కన పెట్టి, "వాన ఇస్తవా అని ఆయనను అడిగిన గదన్నా. ఆ మాట ఇప్పుడు ఎవలి దగ్గర వాపసు తీసుకోవాలె?" అంది.

సేటూ, సాయంత్రం బస్సెక్కి తిరిగి వచ్చాను. పన్నెండేళ్లలో ఏ రోజు చెప్పినా, ఆమె మీ గుమ్మానికి వచ్చి ఆ మాట వెనక్కి తీసుకునేది. మీరు తల ఎత్తేవారు. ఇప్పుడు మీరు లేరు, ఆ మాట మాత్రం ఉంది. అది నాదే. మీ పాదాలకు నమస్కరించి, దాన్ని నా మీద వేసుకుంటున్నాను.