బాగేపల్లి నుంచి చింతామణికి: ఆరు ట్రేల పట్టుపురుగులు, ఆగిపోయిన ఏసీ బ్లోయర్

ఈ ప్రయాణం నేను కొట్టిన గొప్పల వల్ల మొదలైంది. మా ఆయన అక్క రత్నమ్మ, అంటే మా వదిన, చింతామణి తాలూకాలో కైవారకు దగ్గర ఒక ఊళ్లో ఇరవై ఏళ్లుగా పట్టుపురుగులు పెంచుతోంది. గుడ్లను పొదిగించి, పిల్ల పురుగుల్ని రెండో జ్వరం దాటేదాకా సాకి రైతులకు ఇచ్చే కేంద్రం ఒకటి బాగేపల్లి దగ్గర ఉంది. పురుగు మేత మానేసి పొర విడిచే దశను అక్కడ జ్వరం అంటారు. ఆ పురుగుల్ని తెచ్చే వ్యాను డ్రైవరు పెళ్లికి పోయాడని వదిన ఫోన్లో దిగులు పడుతుంటే, బెంగళూరులో సోఫా మీద కాళ్లు చాపుకొని కూర్చున్న నేను, "నా కారు ఉండగా వ్యాను ఎందుకు వదినా? ఏసీలో మహారాజుల మాదిరి తెచ్చి నీ ఇంట్లో దించుతా" అన్నాను. పోయిన పంట రోగం తగిలి మొత్తం నాశనమైంది. ఈసారి కూడా పోతే మల్బరీ తోట పెరికేసి టమాటా పెడదామని అన్నయ్య, అంటే వదిన భర్త, తేల్చి చెప్పేశాడు. వదినకు ఈ ఆరు ట్రేల పురుగులే ఆఖరి అవకాశం. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే గొప్పలు పోయాను.

మార్చి నెల శుక్రవారం సాయంత్రానికి వదిన ఊరు చేరాను. తెల్లవారి ఐదింటికి బయలుదేరాలని వదిన షరతు. చింతామణి, చేలూరు మీదుగా బాగేపల్లికి రెండు గంటల దారి, ఎండెక్కక ముందే పురుగులతో తిరిగి రావాలి. నేను లేచేసరికి ఆరున్నర. వదిన చీర కట్టుకుని, తడి గోనెసంచి ఒకటి మడిచి పట్టుకుని, నా మంచం పక్కన అప్పటికి గంటన్నర నుంచి కూర్చునుంది. "లేపొచ్చు గదా వదినా" అంటే, "దూరం నుంచి బండి తోలుకోని వచ్చినావు, అలిసిపోయింటావని లేపలేదు సుధా" అంది. ఏడింటికి బయలుదేరాం. పొద్దుటి చలికి కిటికీలు దించుకునే వెళ్లాం కాబట్టి ఏసీ వేసే పనే పడలేదు. ఆ దారి మాత్రం చాలా బాగుంటుంది. బండరాళ్ల గుట్టలు, వాటి మధ్య టమాటా తోటలు, చేలూరు దాటాక మనిషన్నవాడు కనిపించని మలుపులు. నేను రెండుచోట్ల ఆపి ఫోటోలు కూడా తీశాను. వదిన కారు దిగలేదు.

తొమ్మిదింబావుకు బాగేపల్లి. బస్టాండు దగ్గర ఒక చిన్న హోటల్లో ఇద్దరికీ ఇడ్లీ, వడ, కాఫీ నూట అరవై రూపాయలు. ఇడ్లీ దూదిలా ఉందని నేను ఇంకో ప్లేటు చెప్పాను. వదిన సగం తిని చెయ్యి కడుక్కొచ్చింది. "ఎండ ఎక్కతాండాది సుధా." "ఏసీ ఉండాది గదా వదినా" అని నేను ఆమె యాసలోనే ఆటపట్టించాను. కేంద్రంలో పురుగులు మా చేతికి వచ్చేసరికి పదిన్నర దాటింది. వెనక సీటు మడిచి ఆరు ట్రేలు పెట్టాం. వేలి గోరంత పొడవు కూడా లేని పురుగులు, కింద కాగితం, పైన సన్నగా తరిగిన ఆకు. ట్రేలు ఇచ్చినాయన గడియారం చూసి, "ఇంత పొద్దెక్కినాక తీసకపోతాండారే?" అన్నాడు. నేను కారు వైపు చూపించి నవ్వాను. ఆయన నవ్వలేదు.

చేలూరు దారిలో కుదుపులెక్కువని హైవే పట్టాను. పేరేసంద్ర, చిక్కబళ్లాపూర్, శిడ్లఘట్ట మీదుగా చింతామణి. దూరం ఎక్కువైనా రోడ్డు నున్నగా ఉంటుంది. ఇక్కడ మీకొక నిజం చెప్పాలి. కొన్ని వారాల నుంచి నా బ్లోయర్, అంటే డాష్‌బోర్డు లోపల గాలి తోసే ఫ్యాను, ఒకటి, రెండు, మూడు నంబర్ల మీద పనిచేయడం లేదు. నాలుగు మీద మాత్రమే తిరిగేది. అంతకు ముందు కొన్ని నెలలుగా లోపల ఎండుటాకులు నలిగినట్టు కరకరమని ఒకటే శబ్దం. నేను ఏం చేశానంటే, పాటల సౌండు పెంచాను.

హైవే ఎక్కిన పావుగంటకు కాలిన వాసన వచ్చింది. వెంటనే ఫ్యాను ఆగిపోయింది. ఏసీ బటన్ లైటు వెలుగుతోంది కానీ గాలి లేదు. పేరేసంద్ర దగ్గర ఎళనీరు, అంటే కొబ్బరిబోండాలు, అమ్మే బండి పక్కన, పందిరి నీడలో ఆపాను. ఫోన్లో వీడియో చూసి ఫ్యూజు బాక్సు తెరిచాను. బ్లోయరు ఫ్యూజు మాడి ఉంది. స్పేరు ఫ్యూజు పెట్టి స్విచ్ తిప్పగానే టప్పున అదీ పోయింది. రెండోది పెట్టాను, అదీ పోయింది. మూడోది లేదు. వదిన అప్పటికే తన గోనెసంచి తడిపి ట్రేల మీద కప్పుతోంది. "కిటికీలు దించి తోలితే సరిపోదా?" అన్నాను. "వడగాలికి ఆకు ఎండిపోతాది, దాంతోపాటే పురుగూ ఎండిపోతాది" అంది వదిన. గొంతులో కోపం లేదు, భయం ఉంది. ఎళనీరాయన మా కారులోకి తొంగిచూసి, కాయల మీద కప్పిన తడి గోనెపట్టా తీసి ఇచ్చాడు. "తీసకపోండమ్మా, నా కాయలకేమీ కాదు." రెండు ఎళనీళ్లకు ఎనభై రూపాయలు ఇచ్చాను. గోనెకు వద్దన్నాడు.

చిక్కబళ్లాపూర్ దాకా ఇరవై కిలోమీటర్లు అద్దాలు సగం దించి, ఆ సందుల్లో తడి తువ్వాళ్లు ఇరికించి తోలాను. వదిన వెనక్కి తిరిగి మోకాళ్ల మీద కూర్చుని పుస్తకంతో విసురుతూనే ఉంది. ఆ దారంతా నా బుర్ర ఒక్కటే పని చేసింది, తప్పు ఎవరి మీద వేయాలా అని. దొరికాడు. చిక్కబళ్లాపూర్లో మునిరాజు అని కారు ఏసీలు బాగుచేసే ఆయన ఉన్నాడు. యాభై ఏళ్ల మనిషి. దసరాకు ముందు వదిన ఊరికి వెళ్తూ, గాలి సరిగా రావడం లేదని ఆయన దగ్గరే ఆగాను. డాష్‌బోర్డు ఊడదీసిన చివరి మనిషి ఆయనే. అంతే, నాకు ఆ సాక్ష్యం చాలు.

షెడ్డు ముందు కారు ఆపి, దిగకముందే మొదలుపెట్టాను. అక్కడ ఇద్దరు ఆటోవాళ్లు, ఒక టమాటా వ్యాను డ్రైవరు, కారు చూపించుకోవడానికి వచ్చిన భార్యాభర్తలు ఉన్నారు. "ఏమప్పా మునిరాజూ, నువ్వు చెయ్యి పెట్టినాకనే నా కారు ఇట్లయింది! దుడ్లు తీసుకోని పని చెడగొట్టేదేనా మీ యాపారం?" అని అరిచాను. ఇంకా ఏవేవో అన్నాను. ఇక్కడ రాయలేను. రాయకపోవడం కూడా పిరికితనమే అని తెలుసు. కారు చూపించుకోవడానికి వచ్చిన ఆయన మెల్లగా తన తాళాలు జేబులో వేసుకున్నాడు. మునిరాజు అదీ చూశాడు, నన్నూ చూశాడు. ఆ తరవాత నా భుజం మీదుగా వెనక సీటు వైపు చూశాడు.

"అరిసేది తర్వాత అరుద్దురు గానీ, అవి పురుగులా అమ్మా?"

"అవునప్పా" అంది వదిన.

"లోపలికి తేవద్దండి. ఈడ పెట్రోలు వాసన, పురుగుకు పడదు. పక్కన టైలరమ్మ అంగడి సల్లగుంటాది." ఆయనే వెళ్లి టైలరమ్మకు చెప్పాడు. ఆమె బట్టలు కత్తిరించే బల్ల ఖాళీ చేసింది. ఆటోవాళ్లిద్దరూ తలా రెండు ట్రేలు మోశారు. నేను ఒకటి, వదిన ఒకటి. ఫ్యాను గాలి నేరుగా తగలకుండా వదిన వాటి మీద తడిబట్ట గుడారంలా కట్టింది.

తరవాత మునిరాజు కారు దగ్గరికి వచ్చాడు. ఫ్యూజులు వరసగా పోయాయని చెబితే, "అయితే తప్పు ఫ్యూజుది కాదు. లోపల ఏదో పట్టుకోనుండాది" అన్నాడు. ముందు సీటు దగ్గర కింద పడుకుని, గ్లవ్ బాక్సు అడుగున మూడు స్క్రూలు విప్పి, ఒక వైరు ఊడబెరికి, బ్లోయరును కిందికి దించాడు. చిన్న కుండ మూతంత చక్రం. వేలితో తిప్పితే తిరగలేదు. రెక్కల సందుల నిండా గోధుమరంగు చెత్త కూరుకుపోయి ఉంది. ఇరుసు చుట్టూ తెల్లదారం బిగుసుకుని ఉంది. ఆయన చిటికెడు చెత్త తీసి అరచేతిలో నలిపి వాసన చూశాడు.

"ఇవి సేవంతిపూలు గదమ్మా."

నాకు అర్థమైంది. అర్థమైన క్షణాన నిలబడిన చోటే కుంగిపోవాలనిపించింది. ఆయుధ పూజ రోజు ఇదే చిక్కబళ్లాపూర్ మార్కెట్లో ఎనిమిది మూరల చామంతి మాల కొని కారుకు వేసింది నేనే. అద్దం కింద, వైపర్ల దగ్గర జాలీ ఉంటుంది చూడండి, దాని మీద విడిపూలు కూడా పోశాను. పూజ చేసిన పూలు మన చేత్తో తీయకూడదు, వాటంతట అవే రాలిపోవాలని మా అమ్మ అనేది. అందుకని నెలన్నర తీయలేదు. ఎండి, పొడై, తెగిన మాల దారంతో సహా అవి ఆ జాలీలోంచి లోపలికే రాలాయి. బయటి గాలి కారులోకి వెళ్లేది ఆ జాలీలోంచేనట.

"మధ్యలో ఫిల్టరు ఉంటాది కదప్పా, ఆపాల గదా?" అన్నాను, ఇంకా ఎక్కడో ఆశ చావక.

మునిరాజు ఫిల్టరు ఉండాల్సిన అర మూత తీసి చూపించాడు. ఖాళీ. అప్పుడు గుర్తొచ్చింది. దసరాకు ముందు ఆయన ఫిల్టరు తీసి, దుమ్ముతో మూసుకుపోయిందని, కొత్తది వేస్తానన్నాడు. నాలుగు వందల కోసం నేనే, "వద్దులేప్పా, ఆన్‌లైన్లో తెప్పించుకుంటా" అన్నాను. "ఖాళీగా ఇడిస్తే చెత్తంతా లోపలికే పోతాదమ్మా" అని ఆయన చెప్పాడు. ఆ మాట చెప్పింది ఈ షెడ్డులోనే. నేను ఆ ఫిల్టరు తెప్పించనూ లేదు, ఆ మాట గుర్తుపెట్టుకోనూ లేదు.

దారం కోసి, చక్రం కడిగి, మోటారును నేరుగా బ్యాటరీకి తగిలించి చూశాడు. తిరిగింది. చక్రం బిగుసుకుని తిరగలేక మోటారు ఎక్కువ కరెంటు లాగడంతో, వేగం తగ్గించే రెసిస్టరు ముందే కాలిపోయిందని, అందుకే నాలుగో నంబరొక్కటే పనిచేసిందని చెప్పాడు. రెసిస్టరు, ఫిల్టరు, ఫ్యూజులు, కూలి కలిపి పదిహేడు వందలు. గంటన్నర పట్టింది. బయలుదేరే ముందు నేను ఆయన దగ్గరగా వెళ్లి, ఎవరికీ వినపడకుండా, "ఏమీ అనుకోవద్దప్పా" అన్నాను. "కానీండమ్మా" అన్నాడు. కారు చూపించుకోవడానికి వచ్చిన భార్యాభర్తలు ఎప్పుడో వెళ్లిపోయారు.

రెండింబావుకు కదిలాం. బ్లోయరు ఒకటో నంబరు మీద చప్పుడు లేకుండా తిరుగుతోంది. శిడ్లఘట్ట దాటాక వదిన, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అంది: "అరిసింది అందరి ముందర. తప్పు ఒప్పుకునేది చెవిలోనా సుధా?"

నేను బ్లోయరు నంబరు ఒకటి పెంచాను.

నాలుగింటికి ఇల్లు చేరాం. పురుగుల గదిలో వదిన లేత ఆకు సన్నగా తరిగి ఒక్కో ట్రేలో చల్లింది. బతికున్న పురుగైతే తల ఎత్తి ఆకు మీదికి పాకుతుంది. మేమిద్దరం ట్రేల మీదికి వంగి చూశాం. మొదటి ట్రేలో తలలు లేచాయి. రెండు, మూడు, నాలుగు, ఐదు, అన్నీ మెల్లగా కదిలాయి. ఎండ పడిన కిటికీ వైపు పెట్టిన ఆరో ట్రేలో ఒక సగం కదిలింది, ఇంకో సగం కదలలేదు. వదిన చాలాసేపు చూసి, కదలని వాటిని కాగితంతో సహా ఎత్తి చేటలో వేసింది.

మర్నాడు ఆదివారం. బెంగళూరుకు తిరిగి వెళ్తూ పేరేసంద్ర దాకా పోయి ఎళనీరాయన గోనె ఆయనకిచ్చి, వెనక్కి వచ్చి మునిరాజు షెడ్డు ముందు ఆగాను. ముగ్గురు నలుగురు ఉన్నారు. నిన్నటి ఆటోవాళ్లలో ఒకడూ ఉన్నాడు. నిన్నటంత గట్టి గొంతుతోనే, "మునిరాజన్నా, నిన్న నేను అన్నది తప్పు. చెడగొట్టింది నేను. నువ్వు ముందే చెప్పినావు, నేను ఇనలేదు. అందరి ముందర అన్నాను గనక అందరి ముందరే చెప్తాండా" అన్నాను. ఆయన బాగా ఇబ్బంది పడ్డాడు. చేతులు గుడ్డతో తుడుచుకుంటూ కిందికి చూశాడు.

"అది సరే గానీ అమ్మా, పురుగులు మేసినాయా?"

"ఐదున్నర ట్రేలు మేసినాయి."

"అయితే సరి" అని మళ్లీ బానెట్ కిందికి వంగాడు.

దారి పొడవునా ఆలోచించాను. నేను అరుస్తున్నప్పుడు ఆ మనిషి చూసింది పురుగుల్ని. నేనేమో రెండు గంటల సేపు వాటి పక్కనే ఉండి, నా పరువును చూసుకున్నాను. ఈ దారి మీరూ వెళ్లండి, నిజంగా బాగుంటుంది. చేలూరు మలుపుల్లో ఆగండి, బాగేపల్లి ఇడ్లీ తినండి. కానీ మీతో వచ్చినవాళ్లు తొందరపడుతుంటే రెండో ప్లేటు మాత్రం చెప్పకండి. ఇక ఉపయోగపడే సలహా ఒక్కటే. బ్లోయరులో కరకర వినిపిస్తే పాటల సౌండు పెంచకుండా, ముందు ఫిల్టరు అర తెరిచి చూడండి, పూజ పూలు అద్దం కింది జాలీ మీద పోయకండి. అప్పటికీ ఫ్యాను ఆగిపోతే మెకానిక్ దగ్గరికి వెళ్లండి. వెళ్లి, ఆయన ఆ మూడు స్క్రూలు విప్పేదాకా మీరు నోరు విప్పకండి.