పుల్లమ్మ ముక్కు

పుల్లమ్మ కంటే ముందు ఆమె ముక్కు నడుస్తుందని చర్ల ఊళ్లో అనుకునేవారు. ఎవరింట్లో ఏం ఉడికినా సరే, గడప దాటి వెళ్లి, గిన్నె మూత ఎత్తి, వాసన చూసి తీర్పు చెప్పందే ఆమె కదలదు. ఒకసారి పోలీసు క్యాంపులోకే వెళ్లి సాంబారు మూత ఎత్తి, "ఇంగువ దండగ చేసినవ్ బిడ్డా" అని వచ్చింది. తుపాకీ పట్టుకున్న జవాను ఆపాలో నవ్వాలో తెలియక సెల్యూట్ కొట్టాడట.

తల ఎత్తుకోలేకపోయింది మాత్రం కోడలు ప్రమీల.

"ఊరోళ్ల గిన్నెలతోని నీకేం పని అత్తమ్మా?"

"వాసన చూస్తె గిన్నె అరుగుతదా?"

పోయిన వానాకాలంలో ఒకరోజు ప్రమీల పెరట్లో బట్టలు ఉతుకుతుంటే మాడు వాసన గుప్పుమంది. పరుగున వచ్చి చూస్తే పప్పు అడుగంటింది. పొయ్యి పక్కనే కూర్చుని పుల్లమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"ఏంది అత్తమ్మా, వాసన రాలేదా?"

"వచ్చింది. మంచిగ ఘుమఘుమలాడ్తంది."

ప్రమీలకు రాబోయిన నవ్వు ఆగిపోయింది. అత్త చేత కళ్లు మూయించి ఉల్లిపాయ, కిరోసిన్, అగరుబత్తి ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టింది. మూడింటికీ పుల్లమ్మ ధీమాగా ఒకే జవాబు చెప్పింది. "ఉల్లిగడ్డ."

అప్పటినుంచి ప్రమీల అత్తను కనిపెట్టి చూసింది. నడిచేటప్పుడు కుడిచేయి ఊగడం లేదు. చిక్కుడుకాయలు ఒలిచే వేళ్లు మందగించాయి. ఇక ఆగకుండా భద్రాచలం బస్సెక్కించింది.

దవాఖానాలో డాక్టర్ మనోజ్ఞ పుల్లమ్మను నడిపించింది, వేళ్లు ఆడించమంది, మణికట్టు తిప్పి చూసింది.

"పార్కిన్సన్స్ జబ్బు మొదట్లో ఉన్నట్టుంది. కొందరికి చేయి వణకడానికి ఏళ్ల ముందే మెదడులో వాసన పట్టే చోట మార్పులొస్తాయి. అట్లని వాసన పోయిన ప్రతివాళ్లకూ ఈ జబ్బు రాదు. మీకు వాసన తెలియక ఎన్నాళ్లయింది పెద్దమ్మా?"

"నాలుగేండ్లయితంది."

ప్రమీల నోరు వెళ్లబెట్టింది. నాలుగేళ్లుగా ఊరంతా ఆ తీర్పులేమిటి మరి!

"ముక్కు మళ్ల పనిచేస్తదా డాక్టరమ్మా?"

"అది చెప్పలేను. కదలికలకు మాత్రం మందులున్నాయి. రోజూ నడవాలి."

"నడుస్తనే ఉన్న గద, ఇల్లిల్లు."

తిరుగు బస్సులో ప్రమీల నిలదీసింది. "వాసనే తెల్వనప్పుడు గిన్నెల చుట్టూ ఎందుకు తిరిగినవ్?"

పక్క సీటువాళ్లకు వినపడకుండా పుల్లమ్మ గొంతు తగ్గించింది.

"వాసన తెల్వకున్నా, మూత ఎత్తితే లోపల ఏమున్నదో కనపడ్తది గద. పస్తున్నవా అని అడిగితే ఎవ్వరన్న అవ్ అంటరా? ఒట్టి గిన్నె కనపడ్డ ఇంటికి మన కూర పట్టుకపోతున్న. 'మా కోడలు ఉప్పు ఎక్కువేసింది, నేను తినలేకపోతున్న, జర మీరు తినుండ్రి' అంటే తీస్కుంటరు."

ఊళ్లో అమ్మలక్కలందరూ తనకు ఉప్పు తగ్గించమని ఎందుకు చెబుతున్నారో ప్రమీలకు అప్పుడు తెలిసింది.

"నా పరువు తీసి వాళ్ల పరువు నిలబెట్టినవన్నమాట!"

"నీది పెద్ద పరువు బిడ్డా. కొంచెం పోయినా మిగుల్తది."

కొత్త మందులకు పుల్లమ్మకు కళ్లు తిరిగి, నాలుగు రోజులు మంచం దిగలేదు. ఐదో రోజు పొద్దున కొంగు దోపుకొని ప్రమీల పక్కింటి గడప దాటింది. ఆ ఇంటి సోమ్లి భర్త కూలికి వెళ్లి నెల దాటింది, కబురు లేదు.

"ఏంది వదినా, నువ్వొచ్చినవ్?"

"ఏం వండినవో చూద్దామని."

"మీ అత్త ముక్కు నీకొచ్చిందా?"

"లేదు, నాకు జలుబు. మూత తీస్తెగాని తెల్వదు."

సోమ్లి నవ్వి, పొయ్యి దగ్గర ఆమెకు చోటిచ్చింది.