మంచం పక్కన ఒక కుర్చీ

మా తోడికోడలి గురించి చెప్పమంటే మంచి మాటలు చాలానే ఉన్నాయి. అవి మా ఇంట్లో అందరూ రోజూ చెబుతూనే ఉంటారు కాబట్టి నేను మిగిలినవి చెబుతాను. ఆమె నా మరిది భార్య, నాకంటే బాగా చిన్నది. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నోట్లో నాలుక లేని పిల్ల అనుకున్నాను. కూరలో ఉప్పు ఎక్కువైందంటే అవుననేది, తక్కువైందన్నా అవుననేది. అలాంటి మనిషి ఇవాళ పిల్లల ఆరోగ్యం కోసం పనిచేసే ఒక అంతర్జాతీయ సంస్థలో ఇంటర్న్. ఇంటర్న్ అంటే ఉద్యోగస్తురాలు కాదు, పని నేర్చుకోవడానికి వచ్చిన మనిషి అని మా అత్తగారికి ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కదు. వీధిలో అందరికీ ‘మా చిన్నకోడలు ఫారిన్ ఆఫీసులో పెద్ద పని చేస్తోంది’ అనే చెబుతుంది.

అసలు ఆ చోటు నాది. అదెలాగో చెప్పాలంటే ముందు ఆసుపత్రి సంగతి చెప్పాలి.

ఆ వానాకాలంలో మా పాపకు నెమ్ము చేసింది. పెద్దాసుపత్రి పిల్లల వార్డులో చేర్చుకున్నారు. అక్కడ రాత్రి ఎనిమిదయ్యేసరికి తల్లులందరినీ బయటికి పంపి తలుపు వేసేస్తారు, పొద్దున గాని తీయరు. అదేం పద్ధతని అడిగితే ‘రూలు’ అన్నారు. మొదటి రాత్రి పాప నా కొంగు పట్టుకుని వదల్లేదు. ఆయా వచ్చి దాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి నన్ను బయటికి పంపింది.

జబ్బు తగ్గింది. పిల్ల ఇంటికొచ్చింది, నా దగ్గరికి మాత్రం రాలేదు. దగ్గరికి తీసుకుంటే బిగుసుకుపోయేది. జడ వేస్తానంటే దువ్వెన పట్టుకుని నాన్నమ్మ దగ్గరికి వెళ్ళేది. నా పక్కలో పడుకోవడం మానేసింది. ఏమైందే అంటే ‘ఏం లేదు’ అనేది. ఆరేళ్ళ పిల్ల కన్నతల్లితో ఏం లేదంటే ఏం చెయ్యాలి? కొట్టాలా, బతిమాలాలా? రెండూ చేశాను. నాకు కావలసింది ఒక్కటే, నా పిల్ల మళ్ళీ నాది కావాలి.

ఆ రోజుల్లోనే పేపర్లో ప్రకటన కనబడింది. ఆసుపత్రుల్లో పిల్లల కోసం మాట్లాడే పని, ‘అడ్వకసీ’ అంటారట, నేర్పుతామని, వయసుతో పని లేదని ఉంది. నా కోసమే వేశారనిపించింది. ఆ వార్డు సంగతి తేల్చాలని నాకు అంత కసిగా ఉంది. ఒక్కదాన్నే ఎందుకని మా అత్తగారు తోడికోడల్ని వెంట పంపింది. అక్కడ దరఖాస్తులు ఇచ్చే అమ్మాయి, ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు కదా అని రెండు కాగితాలు ఇచ్చింది. ఊరికే కూర్చోవడమెందుకని మా తోడికోడలు కూడా నింపింది.

లోపల నన్ను ‘అడ్వకసీ అంటే ఏమిటి?’ అని అడిగారు. అడిగిందే చాలని, ఆ వార్డును, ఆయాను, రూలు పెట్టినవాణ్ణి, వాడికి చదువు చెప్పినవాణ్ణి కలిపి కడిగేశాను. బయటికొచ్చాక నువ్వేం చెప్పావే అని తోడికోడల్ని అడిగాను. ‘నాకు తెలీదండీ, నేర్పితే నేర్చుకుంటాను అన్నానక్కా’ అంది.

వాళ్ళకు తెలీనివాళ్ళే కావలసొచ్చారు. నాకు క్షమించమంటూ కబురొచ్చింది, ఆమెకు మెడలో వేసుకునే కార్డు వచ్చింది. తోడుకని తీసుకెళ్తే పెళ్ళికూతురై కూర్చుంది. ఆ కార్డు చూసినప్పుడల్లా నాకు కడుపులో మండేది. దాన్ని ఆమె తలుపు వెనక మేకుకు తగిలించేది. చీపురు కోసం వెళ్ళినప్పుడల్లా ఆ ఫోటో నన్నే చూసేది.

ఇక ఇంట్లో ఆడింది ఆట, పాడింది పాట. ఎనిమిదింటికల్లా ఇంటర్న్ గారికి క్యారేజీ సిద్ధం కావాలి. కట్టేది నేను, మెచ్చుకోళ్ళు ఆమెకు. సాయంత్రం రాగానే మా అత్తగారు, మా ఆయన, మరిది చుట్టూ చేరి కథలు వింటారు. పేపర్లలో వార్తలు కత్తిరించి అంటించడం, మీటింగుల్లో ఎవరేమన్నారో రాయడం, ఆఫీసర్ల గుమస్తాలకు ఫోన్లు చేసి విసిగించడం, తల్లుల దగ్గర కూర్చుని వాళ్ళు చెప్పేది వినడం, ఇదీ ఆమె పని. పిల్లల ముఖాలు బయటికి తెలియకూడదని ఫోటోలన్నీ వెనకనుంచి తీస్తారు. అవి చూసి మా అత్తగారు ‘మీ ఆఫీసు పిల్లలందరికీ వీపులే ఉంటాయిటే?’ అంది. అందరూ పడీ పడీ నవ్వారు. నేను చెప్పే జోకులకు ఈ ఇంట్లో ఎవరూ అలా నవ్వరు.

‘మీరు మందులిస్తారా మరి?’ అని ఒకరోజు మా అత్తగారు అడిగింది.

‘ఇవ్వం అత్తయ్యా. ఇవ్వాల్సినవాళ్ళని ఇవ్వమని అడుగుతాం.’

‘అంతేనా? అది పనేనా?’

‘అడగందే అమ్మయినా పెట్టదంటారుగా మీరే.’

మా అత్తగారు మురిసిపోయింది. ఆ సామెత ఈ ఇంట్లో మొదట అన్నది నేను.

ఇవన్నీ ఎలాగో మింగాను. మింగుడుపడనిది ఒకటే. పిల్లలతో మాట్లాడేటప్పుడు పెద్దవాళ్ళు కుర్చీలో కూర్చోకూడదని, నేల మీద వాళ్ళ ఎత్తులో కూర్చోవాలని, ప్రశ్నలు వేయకుండా పక్కనే ఏదో ఒక పని చేసుకుంటూ ఉండాలని ఆఫీసులో నేర్పారట. ఆ విద్యను ఆమె మా పాప మీద ప్రయోగించింది. వంటింటి గుమ్మంలో ఇద్దరూ చతికిలబడి బొమ్మలకు రంగులు వేసుకునేవాళ్ళు. కొన్నాళ్ళకు పాప అన్నం పిన్ని దగ్గర, పాఠం పిన్ని దగ్గర, పడక పిన్ని గదిలో. ఇద్దరూ గుసగుసలాడుకునేవాళ్ళు. నేను వెళ్తే ఆపేసేవాళ్ళు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు, ఆమె రెండూ ఒకేసారి గెలిచింది.

‘దానికేం మందు పెట్టావే?’ అని ఒకరోజు అడిగేశాను. నవ్వుతూ అడుగుదామనుకున్నాను, నవ్వు రాలేదు.

మా అత్తగారు నన్ను పక్కకు పిలిచింది. ‘దానికి పిల్లల్లేరు. నీ పిల్లతో కాసేపు ఆడుకుంటే నీ సొమ్మేం పోయిందే? కళ్ళల్లో నిప్పులు పోసుకోకు’ అంది. నా సొమ్మే పోయింది. అది ఎవరికీ కనబడలేదు.

తర్వాత కొన్నాళ్ళకు ఆ సంస్థ సరిగ్గా మా పాప పడుకున్న వార్డు సంగతే ఎత్తుకుంది. ఆసుపత్రి కమిటీ ముందు ఒక తల్లి మాట్లాడాలి. మా తోడికోడలు నా దగ్గరికొచ్చింది.

‘అక్కా, మీరు మాట్లాడండి.’

‘నాకేం పట్టింది? నీ పేరు కోసం నా కడుపుకోత ఊరంతా చెప్పుకోవాలా?’

‘నా పేరు కోసం కాదక్కా. మీరే చెప్పాలి. ఇంకెవరు చెప్పినా అవదు.’

‘ఏమవదు?’

ఆమె మాట మార్చేసింది. ఆ తర్వాత కూడా అడుగుతూనే ఉంది, గిన్నెలు తోముతుంటే ఒకసారి, బట్టలు ఆరేస్తుంటే ఇంకోసారి. కుదరదన్నాను. అడగడం ఆమె పని, కాదనడానికి నాకు జీతమెందుకు?

ఒక సాయంత్రం డాబా మీదికి వెళ్తే, ఆమె పిట్టగోడ దగ్గర నిలబడి కాగితం చూసి చదువుకుంటోంది. ‘ఒక తల్లి తన బిడ్డను వార్డులో వదిలి బయటికి రావలసి వచ్చింది...’ అని మొదలుపెట్టి గొంతు సవరించుకుంది. నేను ఒప్పుకోలేదు కాబట్టి పేరు లేకుండా తనే చెబుతుందట. ఒళ్ళు భగ్గుమంది. నా చోటు తీసుకుంది, నా పిల్లను తీసుకుంది, ఇప్పుడు నా ఏడుపు కూడా తనే ఏడుస్తుందా?

‘ఇటివ్వు. నేనే మాట్లాడతాను’ అన్నాను.

కాగితం వెంటనే ఇచ్చేసింది. ఆమె అంత సంతోషపడడం నాకు అస్సలు నచ్చలేదు.

రిహార్సలని ఆఫీసుకు తీసుకెళ్ళారు. ఆమె బల్ల చూశాను. కిటికీ పక్కన, వెలుతురులో ఉంది. ఆమెకొక కప్పు కూడా ఉంది, దాని మీద పేరు రాసుంది. నాకు కాగితం గ్లాసులో టీ ఇచ్చారు. ఆ విభాగానికి పెద్దావిడ నా ప్రసంగం విని కొట్టివేతలు మొదలుపెట్టింది.

‘ఆయాని తిట్టకండి. నర్సుల్ని తిట్టకండి. వాళ్ళు కూడా మన వైపు రావాలి.’

‘తిట్లు తీసేస్తే నాకేం మిగుల్తుందండీ?’

‘మీరు ఆ రాత్రి ఎక్కడున్నారో చెప్పండి చాలు. చివర్లో ఒకటే అడగండి. పది అడిగితే కమిటీ వాళ్ళకి సులువైంది ఏరుకుని మిగతావి మర్చిపోతారు.’

ఏం అడగాలో వాళ్ళు ముందే అనుకున్నారు. ప్రతి మంచం పక్కన ఒక కుర్చీ, రాత్రి కూడా. అంతే.

కమిటీ రోజున మా తోడికోడలు పాపను కూడా వెంటబెట్టుకుని వచ్చింది. బడి మానిపించి మరీ ఎందుకు తెచ్చావంటే, ‘మాట్లాడేవాళ్ళ ఇంట్లోవాళ్ళు కూర్చోవచ్చక్కా’ అంది. అక్కడ కూడా పిల్ల ఆమె పక్కనే, వెనక బెంచీలో, ఒళ్ళో రంగు పెన్సిళ్ళు పెట్టుకుని కూర్చుంది. పొడవాటి బల్ల చుట్టూ డాక్టర్లు. వార్డులో చోటు లేదని ఒకరు, జనం ఎక్కువైతే జబ్బులు అంటుకుంటాయని ఒకరు అన్నారు. తర్వాత నన్ను లేవమన్నారు.

కాగితంలో ఉన్నది ఒక్క ముక్క గుర్తు రాలేదు. జరిగింది చెప్పాను. ‘నన్ను బయటికి పంపాక ఇంటికి వెళ్ళలేదండీ. గేటు దగ్గర నిలబడ్డాను. వాన పడుతోంది. వాచ్‌మన్ వెళ్ళమన్నాడు, వెళ్ళలేదు. రెండో అంతస్తులో ఒక కిటికీలో దీపం ఉంది. అదే మా పాప గది అనుకున్నాను. దాన్నే చూస్తూ, నేనిక్కడే ఉన్నానే, పడుకోవే అని తెల్లవార్లూ చెప్పుకున్నాను. అక్కడున్నన్ని రాత్రులూ అదే కిటికీకి చెప్పాను. డిశ్చార్జి అయ్యాక తెలిసింది, అది దుప్పట్లు పెట్టే గదిట. మా పాప అటువైపే లేదు. నాకొక కుర్చీ ఇచ్చుంటే నేను దుప్పట్లతో మాట్లాడేదాన్ని కాదు. ప్రతి మంచం పక్కన ఒక కుర్చీ వేయించండి. రాత్రి కూడా ఉండనివ్వండి.’

పెద్ద డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుని, ముందు ఒక వార్డులో పెట్టి చూద్దామన్నాడు. ఇంటర్న్ గారు వంచిన తల ఎత్తకుండా అది రాసుకుంది.

వరండాలోకి వచ్చాక పాప నా ముందు నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. కోపంగా ఉంది.

‘నువ్వు గేటు దగ్గరున్నావా?’

‘ఉన్నానే.’

‘ఇంటికెళ్ళి పడుకోలేదా?’

‘ఎవరు చెప్పారు పడుకున్నానని?’

‘నర్సమ్మ. నేనేడుస్తుంటే, మీ అమ్మకి నిద్రొస్తోందిట, ఇంటికెళ్ళి పడుకుంది, నువ్వూ పడుకో అంది. నిద్రొస్తే నన్నొదిలేసి వెళ్ళిపోయావని...’

అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. పాప నా మెడ చుట్టూ చేతులు వేసింది. ఆసుపత్రి నుంచి వచ్చాక అదే మొదటిసారి. నా చెవిలో, ‘ఎవ్వరికీ చెప్పొద్దని పిన్నికొక్కదానికే చెప్పాను’ అంది.

తలెత్తి చూశాను. మా తోడికోడలు గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

‘నీకు తెలుసా?’

‘తెలుసక్కా. నేను చేరిన కొత్తలోనే చెప్పింది.’

‘తెలిసి ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నావా?’

‘పిల్లలు చెప్పింది వాళ్ళు సరే అనకుండా ఎవరికీ చెప్పకూడదక్కా. ఆఫీసులో మొదట నేర్పిందే అది. అందుకే మిమ్మల్ని మాట్లాడమని అన్నిసార్లు అడిగాను, ఇది వింటుందని.’

‘ఆ రూలు మీ ఆఫీసు పిల్లలకి. ఇది మనింట్లో పిల్ల, నేను దాని తల్లిని. ఒక్క మాట చెబితే పోయేదానికి కమిటీలు కావాల్సొచ్చాయా? రోజూ నీ పక్కలో పడుకోబెట్టుకున్నావు. నేను గోడవైపు తిరిగి ఏడుస్తుంటే నీకు వినబడలేదా?’

‘వినబడింది’ అంది. మెడలో కార్డు సవరించుకుంటూ, ‘మొదట్లో రూలు కోసమే ఊరుకున్నానక్కా’ అంది. ఇంకేదో అనబోయి, బెంచీ మీద పాప రంగు పెన్సిళ్ళు ఉండిపోయాయని లోపలికి వెళ్ళింది.

బస్సులో ఇద్దరు కూర్చునే సీటు ఒకటే దొరికింది. వచ్చేటప్పుడు పాప పిన్నితో కూర్చుంది, నేను నిలబడ్డాను. ఇప్పుడు నా చెయ్యి పట్టుకుని లాగి, నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, తను నా మీద వాలింది. గేటు ఏ రంగు, వాచ్‌మన్ తిట్టాడా, గొడుగు ఉందా అని అడుగుతూనే ఉంది. అన్నిటికీ జవాబు చెప్పాను.

మా తోడికోడలు పక్కనే కడ్డీ పట్టుకుని నిలబడింది. మెడలో కార్డు, భుజానికి సంచి. ‘పిన్నీ’ అని పాప పిలుస్తుందేమోనని చూస్తోంది. పాప అటు తిరగలేదు. ఆమె ముఖంలో కనబడిందేమిటో ఇంకొకరైతే పోల్చుకోలేకపోయేవారు, నేను పోల్చుకున్నాను. కళ్ళు మా ఇద్దరి మీదే ఉన్నాయి, పెదవులు బిగబట్టుకుంది. నాకు జాలి వేయవలసింది. ఈ పిల్లను నాకు తెచ్చి ఇచ్చింది ఆమే, అదీ తెలుసు. అయినా జాలి వేయలేదు. పాపను ఇంకాస్త దగ్గరికి లాక్కుని, ఆమె చూస్తుండగానే దాని జడ విప్పి మళ్ళీ అల్లడం మొదలుపెట్టాను.