చిటికెన వేలి గోరంత కుట్టు

అత్తయ్యగారు పోయారని ఆవిడ కోడలు ఫోన్ చేసినప్పుడు నేను చల్లపల్లిలో మా షాపులో మిషన్ మీద ఉన్నాను. చేతిలో పెళ్ళివాళ్ళ జాకెట్టు. "పొద్దున కాఫీ తాగారక్కా. మంచం మీద అలా ఒరిగిపోయారు. ప్రభువు నొప్పి తెలియకుండా పిలుచుకున్నాడు," అంది. నేనేమన్నానో గుర్తులేదు. కాలు మాత్రం ఆగలేదు. చేతి అతుకు చివరిదాకా కుట్టి, దారం తెంపి, అప్పుడు ఏడ్చాను. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఆవిడ మాకు చుట్టం కాదు. బందరులో మా పుట్టింటికి పక్కిల్లు. మా అమ్మా ఆవిడా ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు, అందుకని నాకు అత్తయ్యగారు. వాళ్ళు చర్చికి వెళ్ళేవారు, మేము గుడికి. మధ్యలో పిట్టగోడ మీదుగా కూరగిన్నెలు అటూ ఇటూ తిరిగేవి. ఆవిడ ఆడపిల్లల హాస్టల్లో కుట్టు నేర్పేవారు. రిటైరయ్యాక వీధిలో అందరికీ బొంతలు కుట్టిపెట్టారు. ఎవరు పాత చీరలు మూటగట్టి తెచ్చినా కాదనలేదు. గుడ్ ఫ్రైడే రోజున మాత్రం సూది ముట్టేవారు కాదు. "ఆవేళ ప్రభువుని పొడిచింది చాలు," అనేవారు.

బొంత కుట్టమని వచ్చినవాళ్ళ చీరల వైపు ముందు చూసేవారే కాదు. "ఎవరు కప్పుకుంటారు? మీరేనా? ఏదీ, చెయ్యి ఇలా ఇవ్వండి," అనేవారు. చిటికెన వేలు పట్టుకుని, ఆ గోరు మీద తన బొటనవేలితో ఒక్కసారి రాసి వదిలేసేవారు. అంతే, కొలత అయిపోయింది. కుట్టు ఆ గోరంత ఉండాలి. అంతకంటే పొడుగైతే నిద్రలో వేలు దారంలో ఇరుక్కుంటుంది. మరీ పొట్టిదైతే పాతబట్టకి తూట్లెక్కువై నీరసపడుతుంది. చంటిపిల్లల బొంతకి మాత్రం కాస్త గట్టి లుంగీ గుడ్డ ఏరి, బియ్యపు నూకంత కుట్టు వేసేవారు. మా వీధిలో పిల్లలందరి గోళ్ళూ ఆవిడకి తెలుసు. మేం పెద్దయ్యాక కూడా ముఖం కంటే ముందు వేళ్ళు చూసేవారని మాకో అనుమానం.

ఈ గోళ్ళ కొలతంటే నాకు లోపల్లోపల నవ్వు. నేను టైలర్ని. నా మిషన్‌కి నంబర్ల చక్రం ఉంది. ఇటు తిప్పితే కుట్టు చిన్నది, అటు తిప్పితే పెద్దది. చిన్న కుట్టే గట్టి కుట్టని నా నమ్మకం. జాకెట్లన్నీ అలాగే బిగించి కుడతాను. "నీ జాకెట్టు వేసుకుంటే మనిషి చిరగాలి గానీ కుట్టు చిరగదే," అని ఆవిడ ఆటపట్టించేవారు. నేనది మెచ్చుకోలు కిందే జమ వేసుకునేదాన్ని.

మూడేళ్ళ కిందట మా అమ్మ పోయింది. అమ్మవి రోజూ కట్టుకునే నేతచీరలు ఆరు తెచ్చుకున్నాను. వాటిలో కనకాంబరం రంగుది బొంతకి పైపొరగా అనుకున్నాను. అత్తయ్యగారికి ఇస్తే నెలలు పడుతుందని, నాకు ఆగే ఓపిక లేక, ఒక్క మధ్యాహ్నంలో మిషన్ మీద బొంత కుట్టేశాను. చక్రం చిన్న నంబరు మీద పెట్టాను, గట్టిగా ఉండాలని. మొదటిసారి ఉతికి, తడి బరువుతో బకెట్లోంచి పైకి లాగాను. కుట్టు వెంబడి వరసగా చిరిగిపోయింది, బస్సు టిక్కెట్టు చింపినట్టు. నా చేతుల్లో మా అమ్మ చీర అలా పీలికలవుతుంటే బాత్‌రూమ్‌లోనే చతికిలబడ్డాను.

ఆరబెట్టి, సంచిలో కుక్కుకుని, బందరు బస్సెక్కి ఆవిడ ముందు పడేశాను. తిడతారనుకున్నాను. కళ్ళజోడు తీసేసి, చిరుగుల మీద వేళ్ళతో తడిమారు.

"సూది మంచిదే, దారం మంచిదే. బట్ట ముసలిదే అమ్మాయ్. ముసలిదాన్ని అన్ని పోట్లు పొడుస్తారుటే?"

ఆవిడ నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని కాసేపు అలా ఉంచుకున్నారు. ఓదారుస్తున్నారనుకున్నాను. "వదిన చీరలు కదా, నేను చూస్తాలే, నువ్వెళ్ళి అన్నం తిను," అన్నారు.

నా మిషన్ కుట్టంతా విప్పడానికే నెలలు పట్టిందట. చిరిగినచోట లోపల గుడ్డ వేసి, మళ్ళీ మొదటినుంచి చేత్తో కుట్టడం మొదలుపెట్టారు. అప్పటికి చూపు తగ్గింది. వేలికి ఇత్తడి తొడుగు పెట్టుకుని వరండాలో చాప మీద కూర్చునేవారు. సూదిలో దారం అయిపోతే ఆ తొడుగుతో గచ్చు మీద రెండుసార్లు కొట్టేవారు. టక్, టక్. అంటే ఎవరైనా వచ్చి దారం ఎక్కించమని. నేనున్న రోజుల్లో నేనే వెళ్ళేదాన్ని.

కానీ ఈ ఏడాది ఎన్నిసార్లు వెళ్ళానని? ఆవిడే ఫోన్ చేసేవారు. "రెండు వరసలే మిగిలాయి. కన్ను ఆనడం లేదు. ఒక్కసారి వచ్చి పక్కన కూర్చోవే, కానిచ్చేద్దాం."

"వచ్చే ఆదివారం తప్పకుండా వస్తానత్తయ్యగారూ. పెళ్ళిళ్ళు కదా, జాకెట్లు పీకల మీదున్నాయి."

అలా మూడు ఆదివారాలు అన్నాను. నాలుగోది రాలేదు.

పోయినవారి కోసం చర్చివాళ్ళు పెట్టే ఆదరణ కూడిక అయ్యాక కోడలు నా చేతికి బొంత ఉన్న సంచి ఇచ్చింది. "సూది అలాగే ఉంచానక్కా. తీస్తే ఆ కుట్టు జారిపోతుందేమోనని భయమేసింది. మీరే చూసుకోండి."

ఇంటికి తెచ్చి బీరువాలో పెట్టాను. విప్పలేదు. అప్పటినుంచి మొదలైంది. మిషన్ తొక్కుతుంటే ఎక్కడో టక్, టక్. కాలు ఆపితే ఏమీ ఉండదు. మళ్ళీ తొక్కితే మళ్ళీ. ఒకసారి షాపు నిండా మనుషులుండగానే "వస్తున్నా అత్తయ్యగారూ" అని పైకే అనేశాను. బేరానికి వచ్చినవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మిషన్‌కి నూనె వేశాను, బెల్టు మార్చాను, రిపేరు చేసే అతన్ని పిలిచి చూపించాను. మిషన్‌లో ఏ లోపమూ లేదన్నాడు. ఆ సంగతి నాకు ముందే తెలుసు.

మొన్న ఒక ఆదివారం, షాపు కట్టేసిన మధ్యాహ్నం, బొంత తీసి నేల మీద పరిచాను. మొదటి వరసలన్నీ ఎప్పటిలాగే, తాడు పట్టి గీసినట్టున్నాయి. పోనుపోను వంకర్లు. ఒకచోట కుట్టు రెండు గోళ్ళంత సాగింది. ఇంకోచోట కుట్టు పక్కనే వదిలేసిన చేతిసూది తూట్లు, అంటే తప్పిందని తెలిసి విప్పి మళ్ళీ కుట్టారన్నమాట. ఆ కళ్ళతో. పక్కన ఎవరూ లేకుండా. అది చూసి నేను నిజంగా తట్టుకోలేకపోయాను.

చివరి నుంచి రెండో వరసలో సూది ఉంది. ఒకచోట దిగి, మరోచోట మొన తేలి, అక్కడే ఆగిపోయింది. బందరు ఉప్పుగాలికి తుప్పు పట్టి, దిగినచోటా తేలినచోటా కనకాంబరం చీర మీద గోధుమరంగు చుక్కలు పడ్డాయి. వెనక్కి లాగితే ఆవిడ ఆఖరి కుట్టు పోతుంది. అలాగే ఉంచితే తుప్పు అమ్మ చీరని తినేస్తుంది. ముందుకి లాగితే, ఒకసారి చిరిగిన ఈ బట్ట మళ్ళీ నా చేతిలోనే చిరగొచ్చు. చాలాసేపు చెయ్యి పెట్టలేదు.

ఊరికే, ఎంత కుట్టు వేద్దామనుకున్నారో చూద్దామని, ఆ రెండు చుక్కల మధ్య నా చిటికెన వేలు ఆనించాను. సరిగ్గా నా గోరంత. ఇటు వెంట్రుకవాసి లేదు, అటు వెంట్రుకవాసి లేదు. ఆవేళ నా చెయ్యి పట్టుకున్నది ఓదార్చడానికి మాత్రమే కాదు. అన్ని వంకర్లు పోయిన ఆవిడ చెయ్యి, ఆఖరికి ఆ కొలత దగ్గరికి వచ్చి ఆగింది.

సూదిని రెండు వేళ్ళతో పట్టి మెల్లగా అటూ ఇటూ తిప్పాను. తుప్పు వదిలింది. ఊపిరి బిగబట్టి ముందుకి లాగాను. దారం జరజరా వచ్చి బిగుసుకుంది. చీర చిరగలేదు. పొడిచింది ఆవిడ, లాగింది నేను. ఆ కుట్టు ఎవరిదని అడిగితే నేను చెప్పలేను.

మిగిలిన వరసన్నర తర్వాతి ఆదివారాల్లో చేత్తోనే పూర్తిచేశాను. తుప్పు చుక్కలు నిమ్మకాయా ఉప్పూ రుద్దితే పోతాయని అందరూ అంటున్నారు. నేనూ షాపులో పదిమందికి చెప్పిన చిట్కాయే. రుద్దలేదు.

మధ్యాహ్నం పూట ఆ బొంత కప్పుకుని కునుకు తీస్తుంటాను. నిద్రపట్టే ముందు నా చిటికెన వేలు దానంతటది ఆ చుక్కలు వెతుక్కుంటూ వెళ్తుంది. అక్కడ ఆగగానే, ఎవరో గోరు మీద బొటనవేలితో ఒక్కసారి రాసి వదిలేస్తారు.