అన్ని చార్టుల్లోనూ ఇరవయ్యే

పొదిలి వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీకి ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ పరీక్షల ఎగ్జామినర్‌గా వెళ్లాను. గుంటూరులో నేను చెప్పేదీ అదే సబ్జెక్టు. రికార్డుల్లో ట్రాన్స్‌మిషన్ లైను లెక్క ఒకటుంది. యాభై ఓమ్‌ల లైను, చివర వంద ఓమ్‌ల లోడు, పొడవు తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు. ఈ చివర నుంచి చూస్తే ఎన్ని ఓమ్‌లు? వృత్తాల చార్టు మీద గీసి చెప్పాలి.

మొదటి చార్టులో జవాబు ఇరవై. తర్వాతి దాంట్లోనూ ఇరవయ్యే. రావలసింది ఇరవై ఐదు. పదో రికార్డు తెరిచేసరికి సంగతి అర్థమైంది. కంపాస్ జారిన గీత కూడా అన్నింట్లో ఒకే చోట ఉంది. గేటు ముందు జిరాక్స్ షాపులో గీసిన చార్టులే అమ్ముతున్నారట. వాటి మీదే పెన్సిలు తిప్పి అతికించారు. కింద హెచ్ఓడీ గారి సంతకం.

ఒక్కమ్మాయి చార్టు మాత్రం ఖాళీగా ఉంది. పక్కన ఇరవై ఐదని రాసుంది. వాళ్ల నాన్న మార్టూరులో గ్రానైట్ పాలిషింగ్ పని చేస్తాడని తర్వాత తెలిసింది.

"ఎలా వచ్చిందమ్మా?"

"యాభైని యాభైతో గుణించి వందతో భాగించానండి. నోటిలెక్కే."

"లోడు రెండొందలైతే?"

"పన్నెండున్నర."

"మరి చార్టు గియ్యలేదేం?"

"అందరూ జిరాక్సే పెట్టమన్నారు మేడమ్. అందులో జవాబు తప్పుందండి."

ఆ అమ్మాయికి పూర్తి మార్కులు వేయబోతుంటే హెచ్ఓడీ అడ్డుపడ్డాడు. "చార్టు లేదు కదండీ. ప్రొసీజర్‌కే మార్కులు."

"మీ ప్రొసీజర్‌లో అందరికీ తప్పొచ్చిందండి."

"ఎవరు చూస్తారండీ!" అని నవ్వాడు.

ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండింది. అయినా వాదించలేదు. ఎండలో తిరుగు ప్రయాణం, బయట కారు సిద్ధంగా ఉంది. దొంగ చార్టుల వాళ్లకంటే ఆ అమ్మాయికి తక్కువ వేసి సంతకం పెట్టాను.

గుమ్మం దగ్గర ఆ అమ్మాయి ఆపింది. "నాది రైటేనా మేడమ్?"

"రైటే."

మార్కుల సంగతి అడుగుతుందేమోనని గబగబా కారెక్కాను.

ఇంటికొచ్చాక యూనివర్సిటీకి ఫిర్యాదు రాయడం మొదలుపెట్టాను. రెండు పేరాలయ్యాక, మార్కుల షీటు మీదున్న నా సంతకం గురించి రాయాల్సొచ్చింది. అక్కడే ఆపేశాను. ఆ కాగితం పంపలేదు.