సత్యవతి గారి మీద నేను రాసిన కాగితం

టేప్ రికార్డర్ మూత తెరవగానే ముందు బూజు వాసన, మీట నొక్కాక సన్నటి బుస. మొత్తం పదిహేను క్యాసెట్లు. ఐదింటికి బూజు పట్టింది, మూడింట్లో టేపు తెగింది, ఒకదాని మీద మా ఇంట్లోవాళ్ళు మేనల్లుడి పెళ్ళి సన్నాయి ఎక్కించేశారు. వినిపించేవి ఆరు. ఆ ఆరింటిలో ఒకటి సత్యవతి గారిది. నిన్న సాయంత్రం వేసి విన్నాను. ఇరవై ఏళ్ళ కిందట అర్థమైందనుకున్నది ఇప్పుడు అంతగా అర్థం కాలేదు.

అప్పట్లో నేను కొత్తపేటలో కొబ్బరికాయల కొట్లో లెక్కలు రాసేవాణ్ణి. చదువు తొమ్మిదో తరగతితో ఆగినా సరాసరులూ శాతాలూ సొంతంగా నేర్చుకున్నాను. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఆడవాళ్ళ అనుభవాలు సేకరించడానికి ఒక స్వచ్ఛంద సంస్థ మనుషులు కావాలంటే ఆ ధైర్యంతోనే వెళ్ళాను. తీసుకున్నది ఇద్దర్నే: నన్నూ, రాజోలు వైపు నుంచి వచ్చే సత్యవతి గారినీ. ఆవిడకి నలభై దాటాయి. భర్త మంచాన పడ్డారు, కుట్టుమిషను మీద ఇల్లు నడిచేది. ఆ ఉద్యోగం నాకన్నా ఆవిడకే ఎక్కువ అవసరం. అది నాకు తెలుసు.

మూడు నెలలయ్యాక, పని చూసే మేడమ్ గారు ఒకరి క్యాసెట్ మరొకరు విని, ఎలా అడుగుతున్నారో కాగితం మీద రాసివ్వమన్నారు. "మొహమాటపడకండి. రెండో విడతకి ఒక్కరినే పెట్టుకోగలం" అని కూడా చెప్పారు. నేను గడియారం పక్కన పెట్టుకుని విన్నాను. గంట టేపులో ఆవిడ అడిగిన ప్రశ్నలు తొమ్మిది. ఎవరూ మాట్లాడని సమయం పద్నాలుగు నిమిషాలు. ఒకచోట వరసగా నాలుగు నిమిషాలు కొబ్బరి కోరే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత కొబ్బరి కోరుతున్న ఆ ఇల్లాలు, అడక్కుండానే, కువైట్ నుంచి వచ్చిన రోజు చిన్నకూతురు తనని గుర్తుపట్టక పక్కింటికి పారిపోయిందని చెప్పింది. అది విని పెన్ను కింద పెట్టాను. కాసేపటికి మళ్ళీ తీసి, "ప్రశ్నలు తక్కువ. పద్నాలుగు నిమిషాలు వృథా" అని రాశాను. లెక్క తప్పు కాదు.

ఆవిడ నా గురించి రాసింది రెండే ముక్కలు: "శ్రద్ధగా అడుగుతారు. ఏదీ వదలరు." అసలు మాట బస్సు కోసం నిలబడ్డప్పుడు చెప్పారు.

"ఒక్క మాటండి మూర్తి గారూ, ఏమీ అనుకోరు కదా?"

"చెప్పండి."

"వాళ్ళు మంచినీళ్ళిస్తే మీరు గుక్కలో తాగేసి గ్లాసు ఠంగుమని పెట్టేసేరండి. టేపులో వినిపిస్తోంది."

"దాహమేస్తే తాగకుండా ఎలాగండీ?"

"ఆయ్, తాగాలండి. కానీ గ్లాసు ఖాళీ అయితే ఇంటావిడ లేచి తీసుకెళ్ళద్దా? లోపలికెళ్ళి వచ్చేసరికి చెప్పబోయిన మాట పోయిందండి." నవ్వేరు. "నేనైతే సగం ఉంచుతానండి. గ్లాసులో నీళ్ళున్నంతసేపూ మనల్ని లెమ్మనరు కదా."

"మరి కాగితంలో రాయలేదేం?"

"రాస్తే మేడమ్ గారికి చెప్పినట్టవుద్దండి. నేను చెప్పాల్సింది మీకు."

వారం తిరక్కుండా రెండో విడతకి నన్నే ఉంచారు. మేడమ్ గారు కారణంగా నా కాగితమే చదివి వినిపించారు. "లెక్క సరిగ్గానే కట్టేరండి" అన్నారు సత్యవతి గారు నా వైపు చూసి. మెచ్చుకున్నారో, దెప్పారో తేల్చుకోలేకపోయాను. ఆ ఎండాకాలంలోనే ఆవిడ కూడా ఇంటిపనికి కువైట్ వెళ్ళిపోయారు. రెండో విడతలో నేను గ్లాసులో నీళ్ళు ఉంచడం మొదలుపెట్టాను. కొందరు చెప్పారు. కొందరిళ్ళలో నీళ్ళు అలాగే మిగిలాయి, ఒకరి మొహం ఒకరు చూసుకుని లేచాం. ఎంతసేపు ఊరుకోవాలో, ఎప్పుడు అడగాలో సూత్రం మాత్రం దొరకలేదు.

నాలుగేళ్ళకి ఆవిడ తిరిగొచ్చారని తెలిసి వెళ్ళాను. నా కాగితం వల్లే వెళ్ళాల్సి వచ్చిందా అని అడగాలనే వెళ్ళాను. ఆవిడే నన్ను కొట్టు గురించీ, నా మోకాళ్ళ నొప్పుల గురించీ అడిగేరు. గంటన్నర నేనే మాట్లాడాను. ఒకచోట ఇద్దరం ఆగిపోయాం. అడుగుదామనుకుని, ఆవిడ నేర్పినట్టే ఊరుకున్నాను. ఆవిడా ఊరుకున్నారు. నా ప్రశ్న కోసం ఆగేరో, నన్ను తప్పించడానికి ఆగేరో తెలియదు. "బస్సుకి వేళవుతోందండి" అన్నారు చివరికి.

ఆవిడ పోయి తొమ్మిదేళ్ళు. ఇప్పటికీ ఎవరైనా మాట్లాడుతూ ఆగితే నేను ఊరుకుంటాను. లోపల సెకన్లు లెక్కపెడుతూనే ఉంటాను. అది ఓపికో, పిరికితనమో నాకు తేలదు. సత్యవతి గారికి నేనింకా బాకీ ఉన్న ప్రశ్నలు: ఒకటి.